స్నోషూలు వేసుకుని ఐస్ ఫిషింగ్‌కి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా? (మిన్నెసోటా ఉత్తరం వైపు)

కొల్లేటి కుర్రోడు | మినియాపొలిస్ | డిసెంబర్ 9

అందరికీ నమస్కారం. మాది కైకలూరు పక్క పల్లె. ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది. మూడు చలికాలాలుగా ఐస్ ఫిషింగ్ (గడ్డకట్టిన సరస్సుకి రంధ్రం చేసి చేపలు పట్టడం) చేస్తున్నాను కానీ అంతా మిన్నెటొంకా, మిల్ లాక్స్ సరస్సుల మీదే. కారు ఒడ్డున ఆపడం, నాలుగడుగులు వేయడం, రంధ్రం తొలచడం, కూర్చోవడం. మా ఆవిడ దాన్ని ఫిషింగ్ అనదు, "బయట కూర్చుని టీ తాగడం" అంటుంది.

ఈసారి గన్‌ఫ్లింట్ ట్రెయిల్ అనే రోడ్డు వైపు, ట్రౌట్ చేపలుండే ఒక చిన్న సరస్సుకి వెళ్లాలని ఉంది. పేరు అడగొద్దు, చెప్పను. రోడ్డు నుంచి అడవిలో మైలున్నర నడక. స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) లేదు, కొనే ఉద్దేశమూ లేదు (ఆవిడ ఇది చదువుతుంది కాబట్టి స్పష్టంగా రాస్తున్నా). పోయిన మార్చిలో మామూలు బూట్లతో బయల్దేరి రెండొందల గజాలు వెళ్లేసరికి తొడల దాకా దిగబడ్డాను. దమ్ము చేసిన మడిలో నడిచినట్టే ఉంది, కాకపోతే ఇక్కడ అడుగున గట్టి నేల తగలదు. వెనక్కి వచ్చేశాను. అందుకే ఈసారి స్నోషూలు, అంటే మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, కొందామనుకుంటున్నా.

నా బరువు 82 కిలోలు. చేతి ఆగర్ (గడ్డకి రంధ్రం తొలిచే బర్మా), చిన్న గుడారం, స్టవ్, తిండి అన్నీ కలిపి ఇంకో 20 కిలోలు. ఏ సైజు స్నోషూలు కొనాలి? 25 అంగుళాలవా, 30వా?

---

దులూత్ బాబాయ్ | దులూత్ | డిసెంబర్ 9

తమ్ముడూ, ముందు ఒక మాట. తెలుగులో అన్నిటికీ మంచు అనేస్తాం, దానితోనే సగం తికమక. ఈ చర్చలో పైనుంచి కురిసేదాన్ని మంచు అందాం, సరస్సు మీద గట్టిపడ్డదాన్ని గడ్డ అందాం. స్నోషూ మంచు కోసం. గడ్డతో దానికి సంబంధం లేదు. ఇది గుర్తుంటే మిగతావన్నీ సులువు.

సైజు సంగతి. తయారీవాళ్ల పట్టికల్లో 25 అంగుళాలవి సుమారు 200 పౌండ్ల దాకా, 30 అంగుళాలవి 250 దాకా అని ఉంటుంది. ఆ బరువులో నువ్వొక్కడివే కాదు, చలిబట్టలు, బూట్లు, వీపు సంచి అన్నీ కలుస్తాయి. 82 కిలోలంటే 180 పౌండ్లు. బట్టలూ బూట్లూ కలిపితే 200కి చేరిపోయావు. ఇంకో 20 కిలోలు వీపునేసుకుంటే 245. అప్పుడు 30 కావాలి. అదే సామానంతా స్లెడ్ (మంచు మీద జారే, చక్రాల్లేని బండి) మీద పెట్టి లాగితే 25 దాదాపు సరిపోతుంది.

నా సలహా: స్లెడ్ మీద పెట్టు, అయినా 30 తీసుకో. అడవిలో గాలి తగలని మంచు పిండిలా ఉంటుంది, పట్టికలో రాసిన బరువు దానికి పనిచేయదు. కొనేముందు రెండ్రోజులు అద్దెకి తీసుకుని చూడు.

---

ఉప్పుచేప | డాలస్ | డిసెంబర్ 9

మేమిక్కడ డిసెంబర్లో చొక్కా విప్పి గాలం వేస్తున్నాం. మీ కష్టాలు చదువుతుంటే ప్రాణానికి హాయిగా ఉంది. కొనసాగించండి.

---

విన్నిపెగ్ అన్న | విన్నిపెగ్ | డిసెంబర్ 10

లేక్ విన్నిపెగ్ లాంటి పెద్ద సరస్సులకి స్నోషూలు దండగ. అక్కడ గాలి మంచుని ఊడ్చేస్తుంది, మిగిలింది సిమెంటులా బిగుసుకుంటుంది. బూట్లకి ఇనుప ముళ్ల పట్టీలు వేసుకుంటే చాలు. స్నోషూ అడుగునున్న అల్యూమినియం పళ్లు వట్టి గడ్డ మీద నడిస్తే రెండు సీజన్లలో అరిగిపోతాయి. పైగా గుడారంలోకి వాటితోనే వెళ్లి నేల గుడ్డ చింపుకున్నవాణ్ణి నేను. బయట విప్పి, మంచులో నిలువుగా గుచ్చి వెళ్లండి. పడుకోబెట్టారో, రాత్రి కురిసిన మంచు కింద వెతుక్కోవాలి.

కుర్రోడు వెళ్లేది చిన్న సరస్సు, చుట్టూ అడవి. అక్కడైతే తప్పవు. రెండూ పట్టుకెళ్లు, నడకకి స్నోషూలు, రంధ్రం దగ్గర ముళ్లపట్టీలు.

---

పవర్‌స్టార్_మిచిగన్ | గ్రాండ్ రాపిడ్స్ | డిసెంబర్ 10

ఒక ప్లస్ పాయింట్ ఎవరూ చెప్పలేదు. స్నోషూలు బరువుని పరుస్తాయి కదా, కాబట్టి గడ్డ కొంచెం పల్చగా ఉన్నా పర్లేదు. 4 అంగుళాలు కావాల్సిన చోట 3 ఉన్నా వెళ్లిపోవచ్చు. మా ఫ్రెండ్స్ అలాగే వెళ్తారు.

---

సీమ పిల్ల | హౌటన్ | డిసెంబర్ 10

పవర్‌స్టార్ గారూ, ఇది చదివి ఒక్కరు నమ్మినా ప్రమాదం కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నా. తప్పు. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని.

బూటు అడుగు సుమారు 45 చదరపు అంగుళాలు, స్నోషూ 200 దాకా. నాలుగింతలు. మెత్తటి మంచుకి ఆ తేడా చాలా పెద్దది, ఎందుకంటే మంచు పాదం కిందే నలుగుతుంది. గడ్డ అలా నలగదు. అది నీటి మీద తేలే పలక. మీరు నిలబడితే మీ చుట్టూ కొన్ని గజాల మేర పలకంతా కొద్దిగా వంగి బరువు మోస్తుంది. అంత వెడల్పున పంచుకునే బరువుకి కాలి కింద ఒక అడుగున్నా రెండడుగులున్నా లెక్కలోకి రాదు. పీటమీద కూర్చున్నా చాపమీద కూర్చున్నా అటక మీద పడే బరువు మారుతుందా?

మిన్నెసోటా సహజ వనరుల శాఖ నడిచేవాళ్లకి చెప్పే లెక్క 4 అంగుళాలు, అదీ కొత్త, స్వచ్ఛమైన, నల్లగా కనిపించే గడ్డ. తెల్లగా పాలలా ఉంటే (తడిసిన మంచు గడ్డకట్టింది) బలం సగమే అనుకుని రెండింతలు చూసుకోవాలి. స్నోషూలు వేసుకున్నా అవే అంకెలు. ఎంత అని కళ్లతో చెప్పలేం, గునపంతో పొడిచి చూడాల్సిందే.

---

పవర్‌స్టార్_మిచిగన్ | గ్రాండ్ రాపిడ్స్ | డిసెంబర్ 10

ఓకే అక్కా, కూల్. అటక ఎగ్జాంపుల్‌తో అర్థమైంది. ఫ్రెండ్స్‌కి ఫార్వర్డ్ చేస్తున్నా.

---

కొల్లేటి కుర్రోడు | మినియాపొలిస్ | డిసెంబర్ 10

గునపం అంటే ఇక్కడ దొరికే స్పడ్ బారేనా? దాని మొన మన గునపంలా సూదిగా ఉండదు, ఉలిలా ఉంటుంది. నా దగ్గర ఉంది.

ఇంకో సందేహం. జనవరి మధ్యలో ట్రౌట్ సీజన్ తెరవగానే వెళ్తా. అప్పటికి గడ్డ అడుగు పైనే ఉంటుంది కదా. మరి టెన్షన్ దేనికి?

---

సీమ పిల్ల | హౌటన్ | డిసెంబర్ 11

అదే గునపం :) ఒకే చోట గట్టిగా రెండు దెబ్బలు వేయండి. పగిలి నీళ్లొస్తే వెనక్కి.

అడుగు గడ్డ ఉన్నా ఒక పేచీ ఉంది, స్లష్. తెలుగులో ఏమనాలో తెలియదు, మంచు బురద అందాం. లెక్క చూడండి. గడ్డ నీటికంటే సుమారు 8 శాతం తేలిక, అందుకే తేలుతుంది. 12 అంగుళాల మందముంటే ఒక అంగుళం మాత్రమే నీటిపైన ఉంటుంది, 11 కింద. ఇప్పుడు పైన 10 అంగుళాల కొత్త మంచు కురిసిందనుకోండి. కరిగిస్తే అది సుమారు ఒక అంగుళం నీళ్లు. ఆ బరువుకి గడ్డ సరిగ్గా ఆ అంగుళం కిందికి దిగి నీటిమట్టానికి వస్తుంది. ఇంకాస్త కురిస్తే నీటిలోకి దిగిపోతుంది, పగుళ్లలోంచి నీళ్లు పైకొచ్చి మంచుని తడుపుతాయి. పైన ఇంకా పొడి మంచు దుప్పటిలా కప్పి ఉంటుంది కాబట్టి మైనస్ ఇరవైలో కూడా ఆ తడి వెంటనే గడ్డకట్టదు.

పైకి అంతా తెల్లగా, అందంగా ఉంటుంది. అడుగు వేస్తే చెప్పులు తీసి వరిమడిలో దిగినట్టే. మునగరు, గడ్డ కింద గట్టిగానే ఉంది. కానీ తడిసిన స్నోషూ గాలి తగలగానే బిగుసుకుపోతుంది. ఒక్కోటి ఐదారు కిలోలు అవుతుంది.

---

దులూత్ బాబాయ్ | దులూత్ | డిసెంబర్ 11

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. 2000 ప్రాంతంలో నేను ఒకసారి అలా ఇరుక్కుని అరమైలు రెండు గంటలు నడిచాను. ఆ రోజు తర్వాత ఇంట్లోంచి బయల్దేరే ముందు స్నోషూల పైనా, కింది పళ్లకీ వంటనూనె స్ప్రే కొడతాను. దోసె పెనానికి కొట్టే డబ్బానే. మంచు ఉండలు కట్టదు, గడ్డ పట్టినా చెక్కముక్కతో తడితే ఊడిపోతుంది. మీ పిన్నికి ఆ డబ్బా ఎందుకు అంత త్వరగా అయిపోతుందో చాలా ఏళ్లు తెలియలేదు.

స్లెడ్ గురించి. చేత్తో తాడు పట్టుకుని లాగొద్దు, నడుముకి బెల్టు కట్టుకో. వట్టి తాడయితే దిగువకి నడిచేటప్పుడు స్లెడ్ జారుకుంటూ వచ్చి మడమల మీద కొడుతుంది, స్నోషూ తోక మీదెక్కి నిన్ను బోర్లా పడేస్తుంది. రెండు పీవీసీ గొట్టాలు కొని వాటిలోంచి తాడు పోనిచ్చి, మధ్యలో అడ్డంగా కత్తెరలా దాటించి కట్టు. అప్పుడు అది నీ వెనకాలే బుద్ధిగా వస్తుంది. మన తాటిదోనెని తాడుతో లాగడానికీ గడతో తొయ్యడానికీ ఉన్న తేడా.

---

నాటు పడవ | ఔలు, ఫిన్లాండ్ | డిసెంబర్ 12

ఇక్కడివాళ్లు ఇదంతా చదివితే నవ్వుతారు. ఫిన్లాండ్‌లో గాలం వేసి, గడ్డకి రంధ్రం చేసి చేపలు పట్టడానికి లైసెన్సే అక్కర్లేదు, అందరికీ హక్కు. దాన్ని పిల్క్కి అంటారు. చేతి పొడవంత గాలం, ఒక మడత కుర్చీ, అంతే సామాను. సరస్సు దాటడానికి పొడవాటి అడవి స్కీలు వేసుకుంటారు, వెనక అహ్కియో అనే స్లెడ్. స్కీ జారుతుంది, స్నోషూ జారదు. అదే మైలున్నర నేను ఇరవై నిమిషాల్లో వెళ్తా.

---

దులూత్ బాబాయ్ | దులూత్ | డిసెంబర్ 12

చదునైన సరస్సు మీద నువ్వే గెలుస్తావు నాయనా. కానీ ఇతను వెళ్లే దారి గుట్టలు, పడిపోయిన చెట్లు, రాళ్లు. అక్కడ ఆరడుగుల స్కీలతో, వెనక స్లెడ్‌తో, స్కీయింగ్ రాని తెలుగువాడు (కోప్పడకు తమ్ముడూ) చెట్టుకి గుద్దుకుంటాడు. స్నోషూ నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు: కాళ్లు కొంచెం ఎడంగా పెట్టాలి, వెనక్కి నడవకూడదు.

ఈ ప్రాంతం ఓజిబ్వే అనే ఇక్కడి ఆదివాసీ ప్రజలది. వాళ్ల సంప్రదాయ స్నోషూ రెండు కొసలా మొనదేలి, ముందు కొస పైకి తిరిగి, పొడవుగా ఉంటుంది. యాష్ కర్ర చట్రం, మధ్యలో పచ్చితోలు అల్లిక. దట్టమైన పొదల్లో తిరగడానికి వేరే రకం, ఎలుగు పాదంలా పొట్టిగా గుండ్రంగా ఉంటుంది. ఏ నేలకి ఏది అన్నది వాళ్లెప్పుడో తేల్చేశారు, మనం కొట్లో అంగుళాలు లెక్కపెడుతున్నాం. నా పాత జత యాష్ కర్రదే, ఇప్పటికీ చప్పుడు లేకుండా నడుస్తుంది. అల్యూమినియంవి గట్టి మంచు మీద రేకుల షెడ్డు మీద వానలా ఉంటాయి.

---

పెద్దాపురం మీనం | సెయింట్ పాల్ | డిసెంబర్ 13

కుర్రోడూ, నడక సంగతి సరే. రూల్స్ చూసుకున్నావా? మిన్నెసోటాలో చలికాలం మామూలు సరస్సుల మీద రెండు గాలాలు వేయొచ్చు. కానీ ఆ ప్రత్యేక ట్రౌట్ సరస్సుల మీద ఒక్కటే. బతికున్న చిన్న చేపల్ని ఎరగా వాడకూడదు, వెంట ఉండనే కూడదు. లైసెన్సుకి తోడు ట్రౌట్ స్టాంపు కొనాలి. మిల్ లాక్స్ అలవాటుతో బకెట్టులో చేపపిల్లలు తీసుకెళ్లావో, స్నోషూలు ఏ సైజువైనా ఒకటే.

---

కొల్లేటి కుర్రోడు | మినియాపొలిస్ | డిసెంబర్ 13

అయ్యబాబోయ్. బకెట్టుతోనే వెళ్లేవాణ్ణి. దండాలు.

---

విన్నిపెగ్ అన్న | విన్నిపెగ్ | డిసెంబర్ 14

ఇష్టం లేని విషయం ఒకటి. స్నోషూలతో నీళ్లలో పడితే?

మా మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ పనిచేశాడు. చన్నీళ్లలో ఒళ్లు ఏమవుతుందో తెలుసుకోవడానికి తనే ఎన్నోసార్లు గడ్డనీళ్లలో దిగాడు. ఆయన చెప్పే లెక్క 1-10-1. మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకో, ఎగపోత ఆగేదాకా వేరే ఏమీ చేయకు. తర్వాత 10 నిమిషాలు చేతులూ కాళ్లూ మాట వింటాయి, బయటపడాల్సింది అప్పుడే. స్పృహ తప్పడానికి ఒక గంట దాకా పడుతుంది.

బయటపడాలంటే వచ్చినవైపే తిరిగి, చేతులు గడ్డ మీద పెట్టి, కాళ్లు వెనక్కి తన్నుతూ ఒంటిని అడ్డంగా తేల్చాలి. స్నోషూలతో తన్నడం అంటే కాళ్లకి చేటలు కట్టుకుని ఈదడమే. నడుముకి స్లెడ్ కూడా ఉంది. అందుకే బెల్టుకి ఒక్క నొక్కుతో ఊడే బకిల్ పెట్టు, ముడి వేయకు. మెడలో ఐస్ పిక్స్ (గడ్డలో గుచ్చి పైకి లాక్కోవడానికి పిడి ఉన్న మేకులు) వేలాడాలి, సంచిలో కాదు. వాగు కలిసే చోటు, ఇరుకైన చోటు, రెల్లు దుబ్బుల పక్క గడ్డ ఎప్పుడూ పల్చనే, అటు పోనే పోకు. అక్కడ స్నోషూలు విప్పి నడుస్తా అనేవాళ్లని చూశాను. విప్పాలనిపించిందంటే వెనక్కి తిరగాలనే అర్థం.

---

ఉప్పుచేప | డాలస్ | డిసెంబర్ 14

నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. జాగ్రత్త బాస్. ఒక్కడివే వెళ్లకు.

---

కొల్లేటి కుర్రోడు | మినియాపొలిస్ | జనవరి 26

వెళ్లొచ్చాం! ఆఫీసులో పనిచేసే ఒడిశా మిత్రుడు తోడొచ్చాడు. వివరంగా రాస్తా, ఎందుకంటే మీరు చెప్పినవి సగం విన్నాను, సగం వినలేదు.

పొద్దున ఏడింటికి మైనస్ 12 ఫారెన్‌హీట్. 30 అంగుళాల స్నోషూలు, వాడినవి, ఆన్‌లైన్లో ఎవరో అమ్ముతుంటే కొన్నాను. అడవిలో మంచు నడుము లోతు, స్నోషూ మీద పిక్కల దాకా మాత్రమే దిగాను. ముందు నడిచేవాడికే కష్టమంతా, వెనకవాడికి దారి సిద్ధంగా ఉంటుంది. పావుగంటకొకసారి మారుతూ వెళ్లాం. మైలున్నరకి గంటా ఇరవై ఐదు నిమిషాలు. ఔలు పడవగారూ, మీ ఇరవై నిమిషాలు గుర్తొచ్చి తిట్టుకున్నా.

మొదటి తప్పు: చలి కదా అని లావుపాటి జాకెట్ వేసుకుని బయల్దేరాను. పది నిమిషాలకి లోపలి బనీను తడిసింది. మా ఒడియావాడు తెలివైనవాడు, పల్చటి చొక్కాతో నడిచి, జాకెట్ స్లెడ్‌లో పెట్టుకుని కూర్చున్నాక వేసుకున్నాడు. నేను చెమటతో కూర్చుని రంధ్రం దగ్గర గంటసేపు వణికాను. ఇంకో బనీను ఉంది కాబట్టి బతికిపోయా.

గొట్టాల స్లెడ్ అద్భుతం బాబాయ్. ఒక్కసారి కూడా మడమ మీద కొట్టలేదు. రెండుసార్లు పక్కకి బోర్లా పడింది, అది నా సర్దుడు లోపం, ఆగర్ పైన పెట్టాను. బరువు కిందికి మార్చాక మళ్లీ పడలేదు.

సరస్సు మీద మొదటి ముప్ఫై గజాలు గునపం కొడుతూ వెళ్లాం. మొదటి రంధ్రంలో కొలిస్తే 14 అంగుళాలు, పై నాలుగు తెల్లది, కిందంతా నల్లది. అక్కడే ఉండిపోతే సరిపోయేది. అవతల కొండ మొన దగ్గర లోతు ఉంటుందని ఆశపడ్డా. సగం దూరంలో కాలు తేలిగ్గా దిగింది, మళ్లీ లేపితే బూడిద రంగు నీళ్లు కారుతున్నాయి. స్లష్. సీమ పిల్లగారు చెప్పిన లెక్క అప్పుడు గుర్తొచ్చింది.

రెండో తప్పు: అక్కడే ఆగిపోయాను. ఆగిన రెండు నిమిషాల్లో రెండు స్నోషూలూ రుబ్బురోళ్లయిపోయాయి. నూనె స్ప్రే కొట్టలేదు (ఇంట్లో డబ్బా అయిపోయింది, పిన్నిగారి బాధ అర్థమైంది). గీకుదామని ఒకటి విప్పి బూటు కింద పెట్టా, మడమ దాకా బురదలో దిగింది. రబ్బరు బూట్లు కాబట్టి లోపలికి రాలేదు. మావాడు అరిచాడు, ఆగకుండా వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రమ్మని. వచ్చాం. పొడి మంచు మీద నిలబడి గునపం వెనక కొసతో గడ్డ కొట్టుకున్నాం. ఒక స్నోషూ శుభ్రం చేయడానికి పది నిమిషాలు.

మొదటి రంధ్రం దగ్గరే కూర్చున్నాం. మధ్యాహ్నం రెండులోపు మూడు తగిలాయి, ఒకటి రంధ్రం అంచు దగ్గర తప్పించుకుంది. రెండు స్ప్లేక్‌లు (రెండు రకాల ట్రౌట్‌ల సంకరం), పెద్దది 14 అంగుళాలు.

తిరిగొచ్చేటప్పుడు ఎడమ స్నోషూ మడమ పట్టీ ప్లాస్టిక్ బకిల్ పటుక్కున విరిగింది. ఆ చలికి ప్లాస్టిక్ అప్పడంలా ఉంది. చేపలు గుచ్చే తాడు కోసి కట్టుకుని వచ్చాను. దారంతా ఊడుతూ, కట్టుకుంటూ.

ఆవిడ పులుసు పెట్టింది. ట్రౌట్ పులుసులో విడిపోయింది, రుచి మాత్రం బాగుంది. మిల్ లాక్స్‌లో దొరికే వాలై చేప అయితే నిలబడేది. రెండోదాన్ని ఉప్పూ కారం పట్టించి వేయించాం.

---

సీమ పిల్ల | హౌటన్ | జనవరి 26

సగం విన్నా అన్నారు గానీ బతికించేవి విన్నారు. స్లష్ ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకోండి. మీ స్నోషూలు తొక్కి నొక్కిన చోట మంచు దుప్పటి పల్చబడింది కదా, రెండు చలి రాత్రులకి ఆ బాట గట్టిగా బిగుసుకుంటుంది. మళ్లీ మంచు కురవకపోతే వచ్చే వారం అదే బాట మీద మొన దాకా వెళ్లొచ్చు. గునపంతో చూసుకుంటూనే.

---

పవర్‌స్టార్_మిచిగన్ | గ్రాండ్ రాపిడ్స్ | జనవరి 26

ఫొటోలు ప్లీజ్. చేపవి, స్నోషూవి కాదు.

---

పెద్దాపురం మీనం | సెయింట్ పాల్ | జనవరి 27

ట్రౌట్ పులుసు పెట్టాలంటే చింతపండు రసం మరిగాక చివర్లో వేయాలి, ఐదు నిమిషాలు, గరిటె పెట్టకూడదు. గిన్నె పట్టుకుని తిప్పాలంతే. మా అమ్మ చందువాకి ఇలాగే చేసేది.

---

దులూత్ బాబాయ్ | దులూత్ | జనవరి 27

బకిల్ విడిగా దొరుకుతుంది, మొత్తం మార్చనక్కర్లేదు. పట్టీ వెడల్పు కొలిచి ఇక్కడ రాయి. నా షెడ్డులో ముప్ఫై ఏళ్ల సామాను ఉంది, ఏదో ఒకటి సరిపోతుంది. ఇకనుంచి సంచిలో నాలుగు జిప్ టైలు, రెండు గజాల తాడు పడేసుకో.

మార్చి మొదటి వారం మళ్లీ వెళ్లేట్టయితే నేనూ వస్తా. అప్పటికి పగలు ఎండకి కరిగి, రాత్రి బిగిసి, మంచు మీద పెంకు కడుతుంది. పొద్దున్నే స్నోషూలు లేకుండానే నడిచిపోవచ్చు. మధ్యాహ్నం ఆ పెంకు మెత్తబడ్డాక తిరుగు ప్రయాణంలో అవి లేకపోతే ఇంటికి రాలేం. వెళ్లేటప్పుడు అక్కర్లేదు కదా అని కారులో వదిలేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

---

కొల్లేటి కుర్రోడు | మినియాపొలిస్ | జనవరి 27

తప్పకుండా బాబాయ్. పట్టీ ముప్పావు అంగుళం. నూనె డబ్బా మీరు తెండి, పిన్నికి నేను కొత్తది కొనిస్తా.